మానేసి యాభై రోజులైంది, మరి ఎందుకిలా ఉన్నాడు?

ప్రశ్న: నా వయసు 34. మాది గుంటూరు జిల్లా. నా తమ్ముడికి 27 ఏళ్లు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా రాత్రి షిఫ్టులు. ఏడాదిన్నరగా చిక్కిపోతూ వచ్చాడు. అడిగితే పని ఒత్తిడి అనేవాడు. దసరాకు ముందు వాడి గదికి వెళ్లాను. స్విచ్‌బోర్డులన్నీ విప్పి ఉన్నాయి. లోపల ఎవరో కెమెరాలు పెట్టారట. నేల మీద దినపత్రిక పరిచి, పాత లాప్‌టాప్ విప్పదీసి, స్క్రూలను సైజుల వారీగా వరుసలు పేర్చాడు. మూడు రోజులుగా నిద్రపోలేదన్నాడు. 'ఐస్' అనే మత్తుపదార్థం పీలుస్తున్నానని చివరికి ఒప్పుకున్నాడు. వెంటనే ఊరికి, అమ్మానాన్నల దగ్గరకు తీసుకొచ్చాం.

మొదటి పది రోజులు తినడం, పడుకోవడం తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత నెల రోజులు బంగారంలా ఉన్నాడు. నాన్నతో మిరప తోటకు వెళ్లాడు, అందరితో నవ్వుతూ మాట్లాడాడు. పీడ వదిలిందనుకుని పెద్దవాళ్లు మా చిన్న ఆడపడుచుతో సంబంధం ఖాయం చేసి తాంబూలాలు పుచ్చుకున్నారు. మాఘమాసంలో ముహూర్తం. ఇప్పుడు వారం పది రోజులుగా మళ్లీ మనిషి మనిషిలా లేడు. మధ్యాహ్నం దాకా లేవడు. క్రికెట్ పెట్టినా చూడడు. 'ఏదీ బాగోలేదక్కా' అంటాడు. మళ్లీ తీసుకోలేదని ఒట్టు వేస్తున్నాడు. నాన్న బద్ధకమని తిడుతున్నారు. మా మేనమామ, ఎవరో మూడు నెలలు కట్టేసి మాన్పించే చోటు ఉందంటున్నాడు. మా ఆయనకు ఈ సంగతేదీ తెలియదు. దీనికి మాత్రలున్నాయా? వాడి మెదడు మళ్లీ బాగవుతుందా? ఈ పెళ్లి చేయవచ్చా?
- ఒక సోదరి

సమాధానం: అమ్మా, మీరు అడగని విషయంతో మొదలుపెడతాను. మీ పుట్టింట్లో మిరప తోటకు కొట్టే పురుగుమందుల డబ్బాలు ఎక్కడ ఉన్నాయి? మన పల్లెల్లో అవి వసారాలోనో, పశువుల పాకలోనో, మెట్ల కిందో చేతికందేలా ఉంటాయి. ఈ రోజే నాన్నగారికి ఫోను చేసి వాటిని ఇంట్లోంచి తీయించండి. వేరే చోట పెట్టి తాళం వేయాలి, ఆ తాళంచెవి ఆయన దగ్గరే ఉండాలి. మీ తమ్ముడు 'ఐస్' అన్నది మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థం. దాన్ని మానేసిన తర్వాత వచ్చే దిగులు ఎంత లోతుకు వెళుతుందో బయటివారికి తెలియదు. మీ తమ్ముడు అన్న 'ఏదీ బాగోలేదక్కా' అనే మాటను నేను తేలిగ్గా తీసుకోను. మీరూ తీసుకోవద్దు. పక్కన కూర్చుని సూటిగా అడగండి: 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగేవాళ్లు లేకనే లోలోపల కుమిలిపోతారు. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416 నంబరుకు ఏ వేళలో చేసినా టెలీ-మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. మత్తు వ్యసనాల సలహాకు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది.

ఇక మీ ఉత్తరంలోని అసలు చిక్కుముడి. పది రోజుల నిద్ర, నెల రోజుల ఉత్సాహం, ఆ తర్వాత ఈ నిస్తేజం. మీ ఇంట్లోవాళ్లకు ఇది బాగుపడినట్టే పడి చెడిపోయినట్టు కనిపిస్తోంది. ఈ వ్యసనానికి చికిత్స చేసేవాళ్లకు మాత్రం ఇది బాగా తెలిసిన దారి. 1980లలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో, ఇలా ఉత్తేజపరిచే మత్తుపదార్థాలకు బానిసలైనవారి కోసమే మ్యాట్రిక్స్ అనే చికిత్సా విధానం రూపొందింది. మానేసిన తర్వాతి ఆరు నెలలను అందులో దశలుగా చెబుతారు. మొదటి రెండు వారాలూ నిద్ర, ఆకలి, నీరసం. అక్కడి నుంచి సుమారు 45వ రోజు దాకా హాయిగా, హుషారుగా, ఇక అంతా అయిపోయిందన్న ధీమాతో ఉంటారు. కొత్త దంపతుల తొలి రోజుల పేరే ఆ దశకు పెట్టారు. ఆ తర్వాత 45 నుంచి 120 రోజుల దాకా ఉన్న దశకు పెట్టిన పేరు 'గోడ'. ఏ పనిలోనూ రుచి లేకపోవడం, ఒంట్లో సత్తువ లేకపోవడం, చిరాకు, దిగులు, మళ్లీ ఒక్కసారి తీసుకుంటే ఇదంతా పోతుందన్న లాగుడు. మీ తమ్ముడు ఇప్పుడు సరిగ్గా ఆ గోడ ముందు నిలబడి ఉన్నాడు. రోజుల లెక్క మనిషిని బట్టి కొంత మారవచ్చు కానీ చాలామందిలో క్రమం ఇదే.

అంటే మీవాళ్లు ఆ ధీమా దశలో తాంబూలాలు పుచ్చుకున్నారు. అందులో వాళ్ల తప్పు లేదు. నవ్వుతూ తిరుగుతున్న కొడుకును చూసి ఏ తల్లిదండ్రులైనా అలాగే అనుకుంటారు. కానీ మాఘమాసపు ముహూర్తం ఎక్కడ పడుతుందో మీరే లెక్క వేసుకోండి. గోడ దశ ముగిసీ ముగియని రోజుల్లోనే పడుతోంది.

ఎందుకిలా అవుతుందో మీ నాన్నగారికి అర్థమయ్యేలా చెప్పడానికి మీకు కొంత తెలిసి ఉండాలి. మన మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. ఆకలి మీద అన్నం తిన్నప్పుడు, తలపెట్టిన పని పూర్తయినప్పుడు, కావలసిన మనిషి ఎదురైనప్పుడు అది కొద్దికొద్దిగా విడుదలవుతుంది. 'ఇది బాగుంది, మళ్లీ చెయ్యి' అని మనసుకు చెప్పేది అదే. మెథాంఫెటమిన్ నాడీకణాల్లోకి దూరి, అక్కడ నిల్వ ఉన్న డోపమైన్‌ను ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది. అలా వచ్చినదాన్ని తిరిగి లోపలికి తీసుకునే మార్గాన్ని కూడా చెడగొడుతుంది. కొకైన్ ఒంట్లోంచి త్వరగా దిగిపోతుంది. మెథాంఫెటమిన్ మాత్రం సగానికి తగ్గడానికే పది పన్నెండు గంటలు పడుతుంది. అన్నాళ్లు ఆ వరదకు అలవాటుపడిన మెదడుకు ఇప్పుడు అమ్మ చేతి వంటా, క్రికెట్టూ, పెళ్లి మాటలూ ఏవీ తగలడం లేదు. కాలువకు నీళ్లు రాని పొలం లాంటి స్థితి అది. నాన్నగారు రైతు కాబట్టి ఈ మాట ఆయనకు ఇట్టే అందుతుంది. ఎండిన మడిని తిడితే తడి రాదు కదా.

ఈ పదార్థం కొత్తది కూడా కాదు. జపాన్ శాస్త్రవేత్త నగాయ్ నగయోషి 1893లోనే ఎఫెడ్రిన్ నుంచి దీన్ని తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికులకు పెర్విటిన్ పేరుతో మాత్రలుగా పంచారు, నిద్ర లేకుండా నడిపించడానికి. మీ ఉత్తరంలో రాత్రి షిఫ్టుల మాట చదవగానే నాకు గుర్తొచ్చింది అదే. సరదా కోసం మొదలుపెట్టేవారు కొందరైతే, తెల్లవార్లూ మేలుకుని పని ముగించడానికి మొదలుపెట్టి చిక్కుకునేవారు మరికొందరు. మీ తమ్ముడు ఏ దారిన వెళ్లాడో తీరిగ్గా కనుక్కోండి. తిరిగి ఉద్యోగానికి వెళ్లేటప్పుడు అది చాలా ముఖ్యమవుతుంది. మళ్లీ అదే రాత్రి షిఫ్టు, అదే గది, అవే స్నేహాలు అయితే ఇన్నాళ్ల కష్టం నిలవడం కష్టం.

దినపత్రిక మీద పేర్చిన ఆ స్క్రూల గురించి కూడా చెప్పాలి. మీరు భయపడి ఉంటారు. ఈ మత్తులో గంటల తరబడి ఒకే పనిని, ఏ ప్రయోజనమూ లేకుండా, ఎంతో శ్రద్ధగా చేస్తూ ఉండడం వైద్యులకు తెలిసిన లక్షణమే. గడియారాలు, ఫోన్లు, రేడియోలు విప్పుతారు, సర్దుతారు, మళ్లీ విప్పుతారు. చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు అనిపించి గీరి గీరి పుండ్లు చేసుకునేవారూ ఉన్నారు. కెమెరాలున్నాయన్న అనుమానం, లేనిది ఉన్నట్టు గట్టిగా నమ్మే సైకోసిస్ అనే స్థితికి సంబంధించినది. అధిక మోతాదులు, రోజుల తరబడి నిద్రలేమి కలిసినప్పుడు అది వస్తుంది. చాలామందిలో మత్తు మానేసిన కొద్ది రోజుల్లో, కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మీ తమ్ముడిలో ఇప్పుడు ఆ అనుమానాలు ఉన్నాయా లేవా అన్నది మీరు రాయలేదు. ఎవరో గమనిస్తున్నారని, తన గురించి మాట్లాడుకుంటున్నారని ఇప్పటికీ అంటుంటే ఆలస్యం చేయకండి. నెల దాటినా ఆ లక్షణాలు పోకపోతే వేరే మానసిక వ్యాధి ఏదైనా ఉందేమో వైద్యులు చూడాలి. అనుమానాలకు, భ్రమలకు మంచి మందులే ఉన్నాయి. నిద్రమాత్రలు మాత్రం మందుల దుకాణంలో మీరే కొని వేయకండి. ఒక అలవాటు పోకముందే ఇంకొకటి తగులుకుంటుంది.

మెదడు బాగవుతుందా అని అడిగారు. నోరా వోల్కోవ్ అనే శాస్త్రవేత్త బృందం 2001లో ప్రచురించిన ఒక పరిశోధనను నేను ఇలాంటి కుటుంబాలకు తరచు చెబుతుంటాను. మెథాంఫెటమిన్ మానేసిన ఐదుగురి మెదళ్లను మొదట్లో ఒకసారి, 12 నుంచి 17 నెలల తర్వాత మరోసారి స్కానింగ్ చేశారు. దెబ్బతిన్న డోపమైన్ వ్యవస్థలో ముఖ్యమైన భాగం మొదటిసారి బాగా తగ్గి ఉంది, రెండోసారికి చెప్పుకోదగినంత కోలుకుంది. అయితే జ్ఞాపకశక్తి, చేతుల చురుకుదనం పరీక్షల్లో మెరుగుదల అంత స్థాయిలో లేదు. ఐదుగురంటే చాలా చిన్న లెక్క, అదీ నిజమే. అయినా అందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది: కోలుకోవడాన్ని నెలల్లో కొలవాలి, యాభై రోజులకే తీర్పు చెప్పకూడదు.

మాత్రల సంగతికి వస్తాను. నల్లమందు, హెరాయిన్ వంటివాటికి బ్యుప్రెనార్ఫిన్ లాంటి మందులు ఉన్నాయి. మెథాంఫెటమిన్ వ్యసనానికే అంటూ ఆమోదం పొందిన మందు నేటికీ లేదు. 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 403 మందిలో కొందరికి నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, బ్యుప్రోపియాన్ మాత్రలు కలిపి, మిగతావారికి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. మందు తీసుకున్నవారిలో 13.6 శాతం మందికి ఫలితం కనిపించింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అది 2.5 శాతమే. తేడా నిజమైనదే, కానీ ఎక్కువమందిని ఒడ్డుకు చేర్చేంత కాదు. కాబట్టి 'ఒక్క ఇంజెక్షన్‌తో మాన్పిస్తాం' అనే ప్రకటన చూస్తే అటు వెళ్లకండి. దిగులుకు, నిద్రకు, అనుమానాలకు వైద్యులు మందులు ఇస్తారు. అవి అవసరమే, వాటిని సొంతంగా ఆపేయవద్దు.

ఇప్పటిదాకా అన్నిటికంటే ఎక్కువగా పనిచేసిందని తేలింది వినడానికి ఎంతో మామూలు విషయం. మూత్ర పరీక్షలో మత్తు ఆనవాళ్లు లేకపోయిన ప్రతిసారీ ఆ మనిషికి ఒక చిన్న బహుమతి ఇస్తారు. వరుసగా శుభ్రంగా ఉన్నకొద్దీ దాని విలువ పెరుగుతుంది. తప్పితే తిట్టరు, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కిస్తారు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచి దీన్ని పాటిస్తున్నాయి. 'మానేసినందుకు బహుమతా?' అని మీ మేనమామ అడుగుతారు. పైన చెప్పిన ఎండిన మడి మాట గుర్తు చేయండి. సంతోషాన్ని గుర్తించడం మరచిపోయిన మెదడుకు చిన్న సంతోషం వెంటనే, కచ్చితంగా అందేలా చేయడమే దాని మర్మం. దీనితో పాటు వారం వారం మానసిక నిపుణుడితో కూర్చుని, ఏ సమయంలో, ఎవరి ఫోను వచ్చినప్పుడు, జీతం పడిన ఏ రోజున మనసు లాగుతుందో గుర్తించి, అప్పుడేం చేయాలో ముందే నేర్చుకోవాలి. మ్యాట్రిక్స్ విధానంలో ఇది 16 వారాలు సాగుతుంది, కుటుంబానికి కూడా తరగతులు ఉంటాయి.

ఇంట్లో పోలీసుల్లా మూత్ర పరీక్షలు మీరు చేయకండి, అది ఆసుపత్రిలో జరగనివ్వండి. మీరు చేయగలిగినవి వేరే ఉన్నాయి. ఎంత బద్ధకించినా పొద్దున్నే ఒకే వేళకు లేపి, ఎండెక్కక ముందు నాన్నగారితో చేను గట్టు మీద నడిపించండి. వ్యాయామం ఈ దిగులు మీద నిజంగా పనిచేస్తుంది. వారానికి ఒకసారి అతనికి ఇష్టమైనది ఏదైనా చేయండి, నగదు మాత్రం చేతికి ఇవ్వకండి. అతని బ్యాంకు కార్డు కొన్నాళ్లు మీ దగ్గర పెట్టుకోవడం మంచిదే, కానీ లాక్కుని కాదు, అడిగి. ఫోనులోంచి పాత పరిచయాల నంబర్లను అతని చేతే తీయించండి. గుండె పరీక్ష చేయించండి, ఎందుకంటే ఈ పదార్థం రక్తపోటును పెంచి గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. పళ్ల డాక్టరుకు చూపించండి. ఎప్పుడైనా సూదితో తీసుకున్నాడేమో అడిగి, అవునంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు కూడా చేయించండి.

మళ్లీ ఒకసారి తీసుకుంటే? తీసుకోవచ్చు. ఆ మాట ముందే మనసులో పెట్టుకోండి. ఆ రోజు ఇల్లంతా ఏడుపులతో నిండితే రెండోసారి అతను దాచిపెడతాడు. 'చెప్పినందుకు మంచిదైంది, రేపు డాక్టరు దగ్గరకు వెళదాం' అనే ఒక్క మాట చాలు. తీసుకున్నప్పుడు ఛాతీలో నొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం, ఫిట్స్, ఒక పక్క చేయి కాలు పడిపోవడం వంటివి కనిపిస్తే క్షణం ఆగకుండా 108కి ఫోను చేసి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.

మేనమామ చెప్పిన కట్టేసే చోటికి పంపకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. మత్తు వ్యసనం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా ఆ చట్టం పరిధిలోనివే. మీ తమ్ముడు యాభై రోజులుగా స్వయంగా మానేసి ఉన్నాడు. ఇప్పుడు కట్టేసి మాన్పించడానికి ఏమీ మిగల్లేదు. పైగా ఆ నమ్మకద్రోహాన్ని అతను జీవితమంతా మరచిపోడు. పెద్దలకు ఒక సంగతి చెప్పండి. 1999లో అమెరికాలో, చికిత్సకు ఒప్పుకోని మద్యం బాధితుల కుటుంబాల మీద ఒక అధ్యయనం జరిగింది. గొడవ పడకుండా మాట్లాడడం, మానిన రోజుల్ని గుర్తించి మెచ్చుకోవడం, సరైన సమయంలో చికిత్స మాట ఎత్తడం నేర్చుకున్న కుటుంబాల్లో 64 శాతం మంది తమ మనిషిని చికిత్సకు ఒప్పించగలిగారు. అందరూ కలిసి నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే.

సరైన చోటు మీకు దగ్గర్లోనే ఉంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాదు ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. ఇంకా లోతైన చికిత్స కావాలంటే బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వ్యసనాలకే ప్రత్యేక విభాగం ఉంది. పోలీసు కేసవుతుందని భయపడి చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. మాదకద్రవ్యాల నిరోధక చట్టం (1985) లోని 64-ఏ సెక్షన్ ప్రకారం, వాడకానికో, చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స కోరితే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. ఆ చికిత్సను పూర్తిచేయాలన్నది షరతు.

పెళ్లి. మీరు దీన్ని ఉత్తరంలో చివర రాశారు కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఇదేనని తెలుస్తూనే ఉంది. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు మన పెద్దలు. ఈ ఒక్క విషయంలో ఆ మాట వినకండి. పెళ్లయితే కుదురుకుంటాడన్న ఆశ మీద ఒక ఆడపిల్ల జీవితాన్ని పందెం పెట్టకూడదు. అందులోనూ ఆ అమ్మాయి మీ ఆడపడుచు. రేపు ఆమె కన్నీళ్లు పెట్టుకుంటే మీ కాపురం, మీ పుట్టిల్లు రెండూ ఒకేసారి కదిలిపోతాయి. మీ తమ్ముడికి కూడా ఇది మేలు కాదు. ఏ సంతోషమూ తగలని ఈ నెలల్లో, వందల మంది మధ్య పీటల మీద కూర్చోబెట్టి నవ్వమంటే, ఆ ఒత్తిడి అతన్ని నేరుగా పాత చోటికే నెడుతుంది. ముహూర్తాన్ని వాయిదా వేయండి. కనీసం ఏడాది వరకు ఆ మాట ఎత్తవద్దు. ఏడాది తర్వాత కూడా, అమ్మాయికి అన్నీ తెలిశాక ఆమె ఇష్టపడితేనే.

ముందుగా మీ తమ్ముడితో మాట్లాడండి. 'బావకు చెప్పక తప్పదు, నీ పక్కన కూర్చునే చెబుతాను' అనండి. అతనికి తెలియకుండా చెప్పకండి. మీవారు కోపగించుకుంటారు, తన చెల్లెలి విషయం కాబట్టి ఆ కోపం సహజం. మొదటి రోజే ఆయన అర్థం చేసుకోవాలని ఆశించకండి. అయితే ఈ నిజం తాంబూలాల తర్వాత తెలియడానికీ, తలంబ్రాల తర్వాత తెలియడానికీ ఎంత తేడా ఉందో ఆయనకే తెలుస్తుంది. బంధువులకు మాత్రం 'అబ్బాయి ఆరోగ్యం బాగాలేదు, చికిత్స జరుగుతోంది' అంటే చాలు. అందులో అబద్ధం లేదు, అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం వాళ్లకు లేదు.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరకు బయలుదేరండి. ఎప్పటి నుంచి, ఎంత, ఎలా తీసుకున్నాడు, ఏ రోజున మానేశాడు, నిద్ర ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా మానసిక వ్యాధి ఉందా, ఇవన్నీ ఒక కాగితం మీద మీ తమ్ముడి చేతే రాయించి పట్టుకెళ్లండి. నాన్నగారినీ వెంట తీసుకెళ్లండి. కొడుకుది బద్ధకం కాదన్న మాట ఆయన కూతురి నోటి నుంచి కాక, డాక్టరు నోటి నుంచి వినాలి.